జహీరాబాద్‌లో నాలుగో డ్రమ్ము

జనవరి ఆఖరు ఆదివారం ఉదయం ఏడూ పదికి లింగంపల్లిలో జహీరాబాద్ బస్సెక్కాను. టికెట్ నూట నలభై. ఒళ్లో సంచి, సంచిలో నా ఆకుపచ్చ డ్రమ్ము. దాన్ని కింద పెట్టమని కండక్టర్ రెండుసార్లు చెప్పాడు, నేను వినలేదు.

వారమంతా బీమా ఆఫీసులో ఫైళ్లు తిప్పి, ఆదివారాలు ఫంక్షన్లలో డ్రమ్స్ వాయించేవాణ్ణి నేను. ఆరేళ్ల కిందట జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలోంచి మూడు విదేశీ డ్రమ్ములు కొన్నాను. పాత డ్రమ్ములకు మోత ఎంత ముఖ్యమో, పైన చుట్టిన తొడుగు అంత ముఖ్యం. ముత్యపు చిప్ప లోపలి మెరుపు ఉండే ప్లాస్టిక్ తొడుగు అది. తెలుపు, నలుపు, నీలం వెతికితే దొరుకుతాయి. నావి ఆకుపచ్చ. చెరువు నీళ్ల అడుగున నాచు మీద వెలుతురు కదిలినట్టుండే ఆ రంగు నేను మరెక్కడా చూడలేదు. మా డ్రమ్మర్ల దగ్గర దీని గురించి నేను కొట్టుకున్న డబ్బా అంతా ఇంతా కాదు. ఎండ తగిలితే పోతుందని పరదా వేసిన గదిలో ఉంచాను. పాత తోలు చిట్లుతుందన్న భయంతో ఒక్కసారి కూడా వాయించలేదు, తోలు బిగించిన మూత విప్పలేదు.

కానీ సెట్టుకు నాలుగు ఉండాలి. నాలుగోది, అన్నిటికంటే చిన్నది, లేదు. సెట్టు పూర్తికాకుండానే పోతానేమోనని నిజంగానే బెంగగా ఉండేది. కిందటి నెల కీబోర్డు వాయించే స్నేహితుడొకడు ఫోన్ చేసి, జహీరాబాద్‌లో పెళ్లి బ్యాండు నడిపిన మాస్టర్ గారి భార్య దగ్గర అలాంటి చిన్న డ్రమ్ము ఒకటి చూశానన్నాడు. రంగు ఏమిటంటే సరిగా గుర్తులేదన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని బయల్దేరాను.

సంగారెడ్డి దాటాక మంచు పట్టింది. సదాశివపేటలో ఎనిమిదిన్నరకు ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. అక్కడి నుంచి చెరుకు లారీ ఒకటి ముందు పడి బస్సు నత్తనడక నడిచింది. పక్క సీట్లో జామపండ్లు అమ్ముకొని ఖాళీ గంపలతో కోహీర్ వైపు పోతున్న ఆమె, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ మడిచి కొంగున ముడేసుకుంది. నేను గడియారం చూసుకుంటుంటే, "చెరుకు లారీ ముందట పడ్డదంటే గింతే సారూ. ఫికర్ జెయ్యకు, జర పండుకో" అంది. పడుకున్నాను. కలలో పచ్చటి నీళ్లలో నాలుగు డ్రమ్ములు తేలుతున్నాయి, ఎవరో ఒడ్డున కూర్చొని లెక్క సరిపోయిందంటున్నారు. మెలకువ వచ్చేసరికి కిటికీ బయట ఎర్రమట్టి చేలు, మంచులోంచి పొగలా లేస్తున్న ఎండ. కల ఎక్కడ అయిపోయిందో కాసేపు తెలియలేదు.

పది కావస్తుండగా జహీరాబాద్‌లో దిగాను. బస్టాండ్ నుంచి నడిచే దూరమే, ఆటో అక్కర్లేదు. బ్యాండు మాస్టర్ ఇల్లంటే చాయ్ హోటల్ అతను వేలు పెట్టి చూపించాడు. మాస్టర్ భార్య పేరు షమీమ్‌బీ. డెబ్బై దాటి ఉంటాయి. సంగతి విని, ఇనుప సందుగ తెరిచి, పాత శాలువలో చుట్టిన డ్రమ్మును రెండు చేతులతో తీసి చాప మీద పెట్టింది.

నీలం. చెక్కు చెదరని, నిండు నీలం.

 సంచిలోంచి నాది తీసి పక్కన పెట్టాను. ఆకారం అదే, మరలు అవే, రంగు మాత్రం వేరు. "ఇది నా సెట్టుది కాదమ్మా. మీకు శ్రమ పెట్టాను" అని లేవబోయాను.

ఆమె నా డ్రమ్మునే చూస్తోంది. అంచున ఒక సొట్టను బొటనవేలితో తడిమింది. "కూసో బేటా. మా మాస్టర్ నాలుగు డ్రమ్ములు ఒక్కతీరువి తెచ్చిండు. నాలుగూ నీలమే. బరాత్ బండి మీద మూడింటికే జాగ ఉండె. గిది చిన్నది, సందుగల పెట్టిన. ఆయన పోయినంక బండితోని మూడిటినీ అమ్మేసిన. డీజేలు వచ్చినంక బ్యాండు ఎవరడుగుతున్రు?"

"కానీ నావి ఆకుపచ్చ కదమ్మా."

"మూత ఇప్పి జూద్దాం."

వద్దన్నాను. తోలు చిట్లుతుందన్నాను. ఆమె నవ్వింది. "ముప్పై ఏండ్లు గీ తోళ్లు నానబెట్టి బిగించింది నేనే. ఆయనకు వాయించుడొక్కటే వచ్చు."

తడిగుడ్డ పిండి తోలు మీద పరిచింది. చాయ్ తాగేంతసేపు ఆగాలంది, తాగాం. ఆ తర్వాత చిన్న తాళంచెవి లాంటి దానితో మరలు తిప్పింది. ఒక మర, దానికి ఎదురు మర, ఒక్కోదానికి పావు చుట్టు, మళ్లీ మొదటికి.  ఇనుప చట్రం మెత్తగా లేచి వచ్చింది.

చట్రం కప్పిన చోట, వేలెడు వెడల్పున, చుట్టూ నీలం.

 వీధిలో ఎవరో ఉల్లిగడ్డలు అమ్ముతూ వెళ్లిపోయారు. ఎండకు పై పొర పసుపెక్కితే నీలం ఆకుపచ్చగా మారుతుందని నాకు తెలియకపోలేదు, విన్నాను. నావి అలాంటివి కావని మాత్రం ఆరేళ్లు నమ్మాను. సిగ్గేసింది. ఆమె పచ్చటి తొడుగును అరచేత్తో నిమిరింది.

"పెండ్లిపిల్లగానికి గొడుగు పడ్తరు, మాస్టర్‌కు ఎవరు పడ్తరు? రాయికోడ్ దాంక, అటు చిరాగ్‌పల్లి దాంక నెత్తి మీద ఎండతోనే తిరిగిండు. గిది ఆయన తిరిగిన ఎండ బేటా" అంది. ఆమె కళ్లు తడిశాయి, నావీ తడిశాయి.

మూత తిరిగి బిగించాక, నీలం డ్రమ్మును నా వైపు జరిపింది. "తీస్కపో. పైసలొద్దు. ఒక్కటే మాట. దీన్ని ఎండల వాయించు. ఆ మూడిటి లెక్క గిది గూడ తిరగాలె. పెట్టెల పెట్టనంటేనే ఇస్త."

 వెలుగు తగలని నీలం అంటే ఆకుపచ్చకంటే ఎన్నో రెట్లు అపురూపం. తెలిసినవాడెవడూ ఎండలో పెట్టడు. పెడితే ఆ రంగు మళ్లీ రాదు. ఎండలో పెట్టనంటే డ్రమ్మే రాదు. ఆమె తొందరపెట్టలేదు, కప్పులు కడుక్కుంటోంది. చివరికి "సరేనమ్మా" అన్నాను. నోరు మాత్రమే అన్నది.

బస్టాండ్ ఎదుట జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. కడుపు నిండా తిన్నా ఎనభై దాటలేదు. ఊరు చూడాలంటే ఒక పూట చాలు, బస అవసరం లేదు. రెండున్నర బస్సులో ఎడమవైపు నీడ సీటు చూసుకొని కూర్చున్నాను. పచ్చది కాళ్ల దగ్గర, నీలం ఒళ్లో, శాలువలోనే. ఎండలో పెట్టడానికి రేపుంది, ఎల్లుండి ఉంది, ఇవాళే ఏం కొంప మునిగిందని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆమె వచ్చి చూస్తుందా ఏమైనా?

పక్క సీట్లో చెరుకు ఫ్యాక్టరీ పని దిగి వస్తున్న పెద్దమనిషి కూర్చున్నాడు. "శాలువల ఏమున్నది?" అన్నాడు.

"డ్రమ్ము."

"దానికేం సలి పెడ్తున్నదా ఏంది, గట్ల జుట్టిన్రు?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. లేచి డ్రైవర్ వెనక వరసలోకి, ఎండ పడుతున్న కిటికీ దగ్గరికి మారాను. అటువైపు ఎవరూ లేరు. శాలువ విప్పి రెండు డ్రమ్ములనూ పక్కపక్కన నిలబెట్టి పట్టుకున్నాను. చెమటలు పట్టాయి. ఎండ నీలం మీద పడి లోపలి మెరుపంతా కదిలింది. అంత అందమైనది నా చేతులతో నేనే పాడుచేస్తున్నానని దుఃఖంగానూ ఉంది, ఎన్నాళ్లకో వీటిని నిజంగా వాయించబోతున్నానని సంతోషంగానూ ఉంది. సదాశివపేట, సంగారెడ్డి కళ్ల ముందు నుంచి నిద్రలోలా జారిపోయాయి. ఐదింటికి లింగంపల్లిలో దిగాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీద నాలుగూ వాయిస్తున్నాను. ఆ నీలం చూడాలనుకునేవాళ్లు కాస్త తొందరగా రండి. ఎక్కువ ఏళ్లు ఉండదు.