మధ్యలో ఆగిన జపమాల

కతోలిక కుటుంబానికి కోడలైన మా చెల్లి, ఎల్బీనగర్‌లో తన ఆపరేషన్ మొదలయ్యేలోగా నన్నొక జపమాల పూర్తిచేయమంది. ప్రార్థనలన్నీ ఫోన్‌లో నేర్పింది. కాకినాడ నుంచి రాత్రంతా రైల్లో వచ్చి, మెట్రోలో జపం మొదలుపెడితే మధ్యలో కునుకు పట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెలకువ వచ్చేసరికి ఏ పూస దగ్గర ఆగానో తెలియలేదు. లెక్క తప్పితే నేను ఓర్చుకోలేను. మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

నా కంగారు విని, "పరేషాన్ గాకు పెద్దమ్మా," అంది మెడలో సిలువ ఉన్న పక్కసీటామె. "జపమాల జెప్పుకుంట నిద్రవోతే మిగిలింది మన కావలి దూత జెప్తడు. మా అమ్మమ్మ రోజూ గట్లనే పండుకునేది."

"ఆయనకు వేరే పనిలేదా?"

"గదే పని!"

సాయంత్రం చెల్లి కళ్ళు తెరిచి, "పూర్తిచేశావా అక్కా?" అంది.

"దూతా నేనూ కలిసి పూర్తిచేశాం."

"అయితే నిద్రపోయావన్నమాట," అని నవ్వింది.