తల్లిని చూశాకే పిల్ల

నా చిన్నప్పుడు మా ఊరు కనకమామిడిలో మా నాయనమ్మ మాటంటే మాటే. ఆమె మనవరాలినని చెప్పుకోవడం నాకు అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే. ఆమెకు ఒక పట్టింపు ఉండేది. ఎవరింట పురుడు జరిగినా ముందు బాలింతకు తిండి పెట్టి, మంచిచెడ్డలు అడిగాకే పిల్లను ఎత్తుకోవాలి. వీధికుక్క ఈనినా అంతే, గిన్నెడు జొన్నగటక వెళ్లాల్సిందే.

ఆ రోజుల్లో మా మామిడితోటను పట్నం ఆయన ఒకడు కిరాయికి తీసుకుని జాతికుక్కల పిల్లల్ని అమ్మేవాడు. కార్లలో వచ్చేవాళ్లకు వరండాలో బుట్టనిండా బొద్దు బొద్దు పిల్లలు కనిపించేవి. తల్లి మాత్రం వెనక రేకుల షెడ్డులో ఉండేది. ఒకసారి నేనూ నాయనమ్మా అటు వెళ్లి చూశాం. నిలబడితే తల తగిలే బోను, అడుగున ఇనుప జాలీ, పాదాల నిండా పుండ్లు. పిల్లలు పాలు మరవకముందే అమ్మేసి, ఎదకు వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూలు కట్టించేవాడట. ఇంకో ఈతకు అది బతకదని నాయనమ్మకు తెలిసిపోయింది. అడిగితే జాతికుక్కల సంగతి మీకు తెలియదని నవ్వాడు. తోట ఇస్తామని మాటిచ్చాం, గడువులోపల వెళ్లగొట్టలేమన్నాడు మా నాన్న. నాయనమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఆదివారం గటక, మేకకాళ్ల షోర్వా వండించి, వాడకట్టు ఆడవాళ్లను వెంటబెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని తోటకు నడిచింది. వరండాలో కోస్తా నుంచి వచ్చి పట్నంలో స్థిరపడ్డ దంపతులు ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని మురిసిపోతున్నారు.

"బాలింతకు తిండి తెచ్చినం బిడ్డా, యాడున్నది?" అంది నాయనమ్మ, ఏమీ ఎరగనట్టు.

"అది కరుస్తదవ్వా, గిన్నె నాకియ్యి," అన్నాడు కుక్కలమ్మే ఆయన, తడబడుతూ.

"తల్లికి పెట్టకుంట పిల్లను ముట్టుడు మా దిక్కు లేదు," అంటూ ఆమె దంపతుల వైపు తిరిగింది. "పిల్లను తీస్కపోతున్రు, ఇయ్యాల్టి సంది మీరు గూడ సుట్టాలే. జర రాండ్రి."

వాళ్లు సంతోషంగా లేచారు. ఇక ఆయన ఆపలేకపోయాడు. బోను తలుపు తీసినా ఆ తల్లికి లేచే ఓపిక లేదు. నాయనమ్మ ఎవరినీ తిట్టలేదు. కింద చతికిలబడి చేత్తో తినిపించింది. ఆ కోస్తా ఆవిడకు కళ్లనీళ్లు ఆగలేదు. ఒళ్లోని పిల్లను తల్లి పొట్ట దగ్గర పడుకోబెట్టి, "మాకొద్దండీ, ఇలాంటి చోట మేం కొనం," అనేసింది. కుక్కలమ్మే ఆయన ముఖం మాడిపోయింది.

"తల్లినీ పిల్లలనూ మా ఇంటికి తీస్కపోతున్న. అడ్డమెవరొస్తరో రానీ," అంది నాయనమ్మ. వాడకట్టు ఆడవాళ్లంతా ఆమె వెనక ఉండగా ఎవరూ అడ్డం రాలేదు. తల్లి కోలుకుని మా వాకిట్లోనే ముసలిదైంది. ఆయన గడువు తీరకముందే తోట ఖాళీ చేశాడు.

కోపాన్ని కేకలుగా ఖర్చు చేయకుండా దానితో పని చేయించుకోవచ్చని ఆ రోజే నేర్చుకున్నాను. ఇప్పుడు నాకూ మనవరాలుంది. మొన్న మొయినాబాద్‌లో ఒకాయన ఫోన్‌లో కుక్కపిల్లల ఫొటోలు చూపిస్తుంటే, నేను నోరు తెరిచేలోపే అది అడిగేసింది, "వీటి తల్లి యాడున్నది అంకుల్? ముందుగాల ఆమెను చూపియ్యి." అచ్చం మా నాయనమ్మ గొంతే.