ఎర్తింగ్ గుంతల ఉప్పు, బొగ్గు

రెండేళ్ల కిందటి మాట. మా హామ్ రేడియో దోస్తులం ఇచ్చోడ దగ్గరి గుట్ట మీద రిపీటర్ పెట్టినం. చేతి రేడియోల మాటను అందుకొని దూరానికి పంపే పెట్టె అది. పిడుగుల భయానికి ఎర్తింగ్ చేద్దామని నేనొక్కణ్నే గుంత తవ్వి, రాగి కడ్డీ దించి, ఉప్పు, బొగ్గు పోస్తున్న.

మేకలు కాసే ముసలవ్వ అది చూసి, పది మందిని కట్టెలతోని తోలుకొచ్చింది.

"ఎవలకు చేస్తున్నవ్ చేతబడి?"

ఎంత చెప్పినా నమ్మలే. ఆసిఫాబాద్‌ల ఉన్న దోస్తును రేడియోల పిలిచి సంగతి చెప్పిన. రేడియో అవ్వ నోటి దగ్గర పెట్టిన.

"గీయన మంచోడేనా బిడ్డా?"

"మంచోడే అవ్వా. కాకపోతే అడగకుంట గుంతలు తవ్వుతడు" అన్నడు వాడు.

అందరు నవ్విండ్రు. మిగిలిన ఉప్పు, బొగ్గు పోసి గుంత వాళ్లే పూడ్చిండ్రు. పిడుగు గురించి అంత ఆలోచించిన నాకు, ముందుగాల ఊళ్లె ఒక మాట చెప్పాలన్న సోయి లేకపాయె.