సున్నం పూయని లొట్లు

పదేళ్ళ నుంచి ఒక చిప్పెడు సున్నం నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వొస్తోందా మీకు? ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే ఇవాళ కాగితం తీసుకుని గబగబా రాసేస్తున్నాను. భయం కాదు, ఆత్రం.

మాది అమలాపురం దిగువన కాలవగట్టు ఊరు. తాతల నాటి నుంచీ తాడిచెట్లెక్కి కల్లు గీసి బతికినవాళ్ళం. మద్యనిషేధం వచ్చింది. చెట్టెక్కే మోకులు చూరుకి వేలాడాయి, కత్తులు తుప్పుపట్టాయి. పొద్దున్నే లేచి గట్టు మీద కూర్చుని, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని దారికేసి చూడడమే మా పని. అలాంటి రోజుల్లో సర్కారు వాళ్ళొచ్చి చెప్పిన కబురు మాకు ఇంట్లో పెళ్ళంత సంబరమైపోయింది. చెట్లు మళ్ళీ గీసుకోండి, కానీ కల్లు కాదు, తీపి నీరు దింపండి, దాన్ని కాచి బెల్లం చెయ్యండి అన్నారు. లైసెన్సు ఇస్తామన్నారు, పని నేర్పిస్తామన్నారు, అప్పు ఇప్పిస్తామన్నారు, ఊరికొక పెద్ద ఇనప పెనం ఉచితంగా ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. చెట్టుకి కట్టే కుండకి, అదే మేము లొట్టి అంటాం, లోపలంతా సున్నం పూయాలి. సున్నం ఉంటే రాత్రంతా కారిన నీరు తీపిగానే ఉంటుంది. లేకపోతే తెల్లారేసరికి పులిసి కల్లవుతుంది. కల్లయితే నేరం.

ఎంత హుషారుగా ఉండేవాళ్ళమో చెప్పలేను. నేర్చుకునే రోజుల్లో సర్కారు వాళ్ళు తెచ్చిన చిన్న పెనంలో మొదటి పాకం గట్టిపడితే ఊరంతా ఎగబడి వేళ్ళు కాల్చుకున్నారు. మా నాన్న కాలిన వేలు నోట్లో పెట్టుకునే నవ్వాడు. ఇన్నాళ్ళూ ఒకరి కింద గీసినవాళ్ళం, ఇక మా సరుకు మాది, మా బేరం మాది. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు, నిద్ర పట్టేది కాదు.

కానీ పెనం ఒకటే. దానికి మేస్త్రీ కూడా ఒకడే. తక్కినవాళ్ళందరూ నీరు దింపి తెచ్చి అతని పొయ్యి దగ్గర పోయాలి. ఆ మేస్త్రీ నేనో, మా బావో అని అందరికీ తెలుసు. బావంటే మా మేనత్త కొడుకు, మా చెల్లెలు మంగ మొగుడు. నేను ఒక చెట్టు దిగేలోపు తను రెండు దిగేవాడు. తను కాచిన బెల్లం తేనె రంగులో ఉండేది, నాది కాస్త మాడేది. మా నాన్నే అందరి ముందూ “మేస్త్రీ అంటే మా అల్లుడేనండి” అనేవాడు. నా ముందే. నేను కూడా తలూపేవాణ్ణి. ఎలా ఊపానో.

మర్నాడు తెల్లారగట్లే ఇన్‌స్పెక్టరుగారు వచ్చి లొట్లన్నీ చూసి మేస్త్రీని తేలుస్తారనగా, ఆ సాయంత్రం మంగకి నొప్పులొచ్చాయి. బావ చెట్ల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి తన లొట్లు నా ముందు పెట్టేశాడు.

“ఒరే, నా లొట్లకి కూడా నువ్వే సున్నం పూసి కట్టెయ్యరా. అవతల మంగ ఒక్కత్తే ఉంది.”

“నువ్వెళ్ళు బావా, నేను చూసుకుంటాను.”

“మర్చిపోకేం.”

“ఆయ్.”

నావాటికి పూశాను. శ్రద్ధగా, రెండు చేతులా. తర్వాత బావ లొట్టి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అంతవరకూ నా మనసులో ఏమీ లేదని మీతో అనబోయాను. అది అబద్ధం. వెళ్ళు బావా అన్నప్పుడే ఉంది. చిప్పలో సున్నం ఇంకా మిగిలే ఉంది. దాన్ని తీసుకెళ్ళి కాలవలో కడిగేశాను. నీళ్ళు కాసేపు తెల్లబడి మళ్ళీ మామూలయ్యాయి. ఉత్త లొట్లు తీసుకెళ్ళి బావ చెట్లకి కట్టాను. బావకి పెనం దక్కకుండా పోతుందనే అనుకున్నాను గానీ అంతకుమించి అనుకోలేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజంగా అనుకోలేదా? షరతు నాకు తెలీదా? అందరికంటే ముందు కంఠతా పట్టింది నేనే కదా.

తెల్లారింది. బావ నవ్వుకుంటూ వచ్చాడు. ఆడపిల్ల పుట్టిందట. ఆ సంతోషంలో ఎవరూ చెప్పకుండానే చెట్టెక్కి లొట్టి దింపి ఇన్‌స్పెక్టరుగారి ముందు పెట్టాడు. మూతి దాకా నురగ. వాసన గట్టు దాకా కొట్టింది.

“సున్నం ఎవరు పూసేరు?” అన్నారాయన.

బావ నాకేసి చూశాడు. నా గోళ్ళ నిండా సున్నం. తన చేతులు శుభ్రంగా ఉన్నాయి.

“నేనేనండి. సున్నం సరిపోలేదండి, ఆయ్.”

నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

దొంగచాటుగా కల్లు తీస్తున్నాడని లైసెన్సు రద్దు చేశారు. కత్తి పట్టుకుపోయారు. బావ చెట్ల మీద రంగుతో వేసిన లైసెన్సు నెంబర్లు బంట్రోతు చేత గీకించేశారు. అప్పూ లేదు, పనీ లేదు. వారం తిరక్కుండానే కాలవలో పడవ మీద పెనం వచ్చింది. డప్పులు కొట్టారు. నా మెడలో దండ వేశారు. ఇప్పుడు చెప్పబోయేదే అన్నిటికన్నా కష్టం. ఆ రోజు నాకు సిగ్గు వెయ్యలేదు. ఒళ్ళంతా పొంగిపోయింది. నా బతుకులో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు, నా పెళ్ళిరోజున కూడా.

యానాంలో అప్పుడు ఫ్రెంచివాళ్ళ పాలన. అక్కడ కల్లుకి అడ్డు లేదు. బావ పసిపిల్లనీ మంగనీ తీసుకుని, ఒకరి కింద చెట్లు గియ్యడానికి అక్కడికి బయల్దేరాడు. ఎదుర్లంక రేవు దాకా దిగబెట్టాను. మంగ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తను పడవెక్కాక బావని పక్కకి పిలిచి, నా పేరెందుకు చెప్పలేదని అడిగేశాను. అడక్కుండా ఉండలేకపోయాను.

“సున్నం తక్కువైనట్టుందిరా, నీకూ కంగారే కదా ఆ వేళ” అన్నాడు. “నీ పేరు చెబితే ఇద్దరి కత్తులూ పోయేవి. ఇంటికి ఒకటైనా మిగలాలా వద్దా?”

ఆ ఒకటి నా దగ్గర ఉంది. ఇప్పుడు మా ఊరి బెల్లం సంఘానికి పెద్దను. పెంకుటిల్లు కట్టాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి లొట్టికి సున్నం ఎలా పూయాలో నేనే చూపిస్తాను, అంచు దాకా, అడుగు దాకా. బావ ఎప్పుడైనా వస్తే నా బెల్లం కొరికి, “రంగు కుదిరిందిరా” అని మెచ్చుకుంటాడు. అన్నానికి కూర్చున్నప్పుడల్లా చెప్పేద్దామనుకుంటాను. పులుసు వడ్డించి ఊరుకుంటాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి మీదేం పోయింది? పోయింది బావది, మంగది, ఆ పిల్లది. రేపొద్దున యానాం వెళ్తానో లేదో కూడా తెలీదు, వెళ్తానని మాటిస్తే అదీ అబద్ధమవుతుందేమో. కానీ ఈ మాట ఇప్పటిదాకా నా నోటంట ఒంటరిగా ఉన్నప్పుడు కూడా రాలేదు. ఇప్పుడు రాస్తుంటే ఊపిరి ఆడుతోంది.

బావా, సున్నం తక్కువ కాలేదు. నేను పూయలేదు.