డాబా మీద పట్టాలు

మా అక్క మొగుణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి కుదురుగా కూర్చోక, రైలు చక్రాన్ని బాగుచేస్తానని బయలుదేరాడు. రైలుకు ఎదురెదురుగా ఉండే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి కలిసి తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టే ఆ కీచుచప్పుడని, చక్రాలను దేనికది విడిగా తిరగనిస్తే చప్పుడే ఉండదని ఆయన వాదం.

వాదం నోటితో ఆగితే బాగుండేది. కంచరపాలెంలో వాళ్ల డాబా మీద ఎల్ ఆకారపు ఇనుప యాంగిళ్లతో, మధ్యలో ఓ మలుపు పెట్టి పట్టాలు వేశాడు. ఎండాకాలమంతా అక్క అక్కడే పాతచీరలు పరిచి వడియాలు పెట్టి కొట్లకు వేస్తుంది. ఆ ఇల్లు సగం గడిచేది వాటి మీదే. ఇప్పుడు ఆమెకు మిగిలింది నీళ్ల ట్యాంకు పక్కన కాస్త చోటు.

"నువ్వు సక్రాలు సెక్కేవోడివి కదా. పనికిరాదని నీ నోటితో సెప్పు తమ్ముడూ, ఇంటాడు," అని ఫోన్ చేసింది. రైల్వే షెడ్డులో అరిగిన చక్రాలను లేత్ మీద సరిచేయడం నా ఉద్యోగం. సంతోషంగా వెళ్లాను. ఆయన పరువు తీయడానికి అంతకన్నా మంచి అవకాశం రాదు.

బావ మొదట మామూలు చక్రాల ట్రాలీ మీద ఇటుకలు పేర్చి తోశాడు. మలుపులో పళ్లు జివ్వుమనేలా కీచుమంది. అవే ఇటుకలు తను చేసిన విడి చక్రాల ట్రాలీకి మార్చి తోశాడు. మలుపు తిరిగింది. చప్పుడు లేదు. పక్కింట్లో కుక్కర్ కూత వినిపించింది.

నేరుగా ఉన్న పట్టా మీదకొచ్చాక మాత్రం ఓ పక్కకు జరిగి, పట్టాను రాసుకుంటూ పోయింది. నేను అనుకున్నదే. కలిసి తిరిగే చక్రాలను, పట్టా మీద ఆనే చోట వాటికి చెక్కిన వాలే పట్టాల మధ్యకు తెస్తుంది. విడిగా తిరిగేవాటికి ఆ బుద్ధి ఉండదు.

"తిన్నగా పోనేదు బావా, సూసావా?" అన్నాను.

"అది తరవాత. మలుపులో సప్పుడొచ్చిందా, నేదా? అది సెప్పు."

అక్క పిండిచేతులతో నన్నే చూస్తోంది. వచ్చిందనాలి. రోజంతా ఆ కీచుల మధ్య బతికేవాణ్ని, అబద్ధానికి నోరు రాలేదు.

"నేదు," అన్నాను.

బావ మొహం వెలిగిపోయింది. ఆ మొహాన ఒక్కటివ్వాలనిపించింది. "ఐతే తిన్నని పట్టా ఇంకాస్త పొడుగు సేత్తే అదీ తేలిపోద్ది," అంటూ టేపు తీసి ట్యాంకు వైపు కొలవడం మొదలెట్టాడు.

అక్క ట్యాంకు పక్కన పరిచిన చీర నాలుగు కొసలూ పట్టుకుని ఎత్తింది. పచ్చి వడియాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయ్యాయి. ఆ మూట పట్టుకుని మెట్ల దగ్గర నన్ను దాటుతూ, "నిన్నెందుకు పిలిసాన్రా?" అంది.