నానమ్మ మరిచిపోయిన ఆవకాయ

పద్మారావు నగర్‌లో పచ్చళ్ల కొట్టు ముందు ఆవపిండి ఘాటు తగిలితే నానమ్మ గుర్తొస్తుంది.

మా వీధిలో ఆమె ఆవకాయకు పెద్ద పేరు. తాతయ్యకు గుండెపోటు వచ్చాక డాక్టరు ఉప్పు, నూనె బాగా తగ్గించమన్నారు. ఆ వేసవిలో అటక మీంచి జాడీ దిగలేదు.

“ఏంది పెద్దమ్మా, ఈసారి తొక్కు పెట్టలే?” అని అడిగింది పక్కింటావిడ.

“కొలతలు గుర్తుండట్లేదమ్మా,” అంది నానమ్మ, తాతయ్యకు వినబడేలా.

నానమ్మకు మతిమరుపు వచ్చిందని నేను బెంగపడ్డాను. తాతయ్యతో పాటు ఆమె కూడా చప్పటి పప్పే తినేది. సాయంత్రం ఇద్దరూ నడకకు వెళ్లేవారు.

పెళ్లయ్యాక నేను మొదటిసారి ఆవకాయ పెడుతూ ఫోన్ చేస్తే, కొలతలన్నీ తడుముకోకుండా చెప్పింది.

తన జబ్బు వల్లే ఇంట్లో పచ్చడి లేదని తాతయ్య నొచ్చుకోకూడదని, చేతికున్న పేరునే వదులుకున్న మనిషి మా నానమ్మ.