జేబులో మిగిలిన బోల్టు

"వేలు మాత్రం పెట్టకూడదు అబ్బాయ్. బ్లేడు కన్నం, బండి కన్నం రెండూ ఎదురెదురుగా వచ్చాయా లేదా అని వేలు దూర్చి చూసుకున్నవాడు, ఆ వేలితో మళ్లీ అన్నం కలుపుకోలేదు. ఇనప చువ్వ పెట్టే చూడాలి."

నాకు పని నేర్పే బాబాయి చేతిలో సుత్తి. వెనక గొలుసుకు బుల్డోజరు బ్లేడు ఒకటి వేలాడుతోంది. బుల్డోజర్లకు ముందు మట్టి నెట్టే ఈ బ్లేడ్లు తగిలించడమే ఆయన పని. కుర్రతనంలో, బండి చక్రాల చుట్టూ ఉండే ఇనప పట్టాల బురద కడగడానికి ఈ షెడ్డులో చేరాడట. అప్పుడు బ్లేడంటే పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు.

"భయం లేదన్నవాణ్ని నేను బ్లేడు దగ్గరికి రానివ్వను. మా అమ్మాయైతే ఏడిపిస్తుంది. 'నాన్నా, నీ భయానికి కూడా బండిలో ఒక సీటు వేయించు, పక్కన కూర్చోబెట్టుకుని తిప్పుతాను' అంటుంది."

ఆ అమ్మాయి బుల్డోజరు నడుపుతుంది. పొద్దున దాని బ్లేడు బిగించింది ఈయనే. షెడ్డు మోతలో కేకలు వినపడవు. అందుకని అంతా బిగించాక ఆయన సుత్తితో ఠంగుమని ఒక దెబ్బ కొడతాడు. అది విన్నాకే ఆమె బండి కదిలించాలి.

"ఇవాళా కొట్టావా బాబాయ్?"

"కొట్టకపోతే కదులుతుందా? ఎడమ పక్క కన్నాల్లో దూర్చిన పిన్ను కాస్త బయటికి ఉంటే ఒక్కటి వేశాను, అది లోపలికి..."

చొక్కా జేబు తడుముకుని బొటనవేలంత బోల్టు బయటికి తీశాడు. సుత్తిని చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

"ఆ పిన్ను జారకుండా పట్టి ఉంచేది ఇదే. నేను పిన్ను దిగడానికి కొట్టాను. అమ్మాయి దాన్ని పనైపోయిన దెబ్బ అనుకుంది. బండి కదిలేసరికి, అయిపోయిందనే నేనూ అనుకున్నాను."

ఇది లేకపోతే ఏమవుతుందో ఆయనే చెప్పాడు.

"పిన్ను కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. బ్లేడు ఆ పక్క ఊడుతుంది. అమ్మాయి ఉన్నది కొండ వాలు మీద. కింద పైపులు వేసేవాళ్లున్నారు."

ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు.

"బండెక్కితే ఫోను పనిముట్ల డబ్బాలో పడెయ్యమని నేర్పింది నేనే. నా మాట ఏనాడూ విననిది, ఇదొక్కటీ విని చచ్చిం..." నాలుక కరుచుకున్నాడు.

"నా స్కూటరెక్కు బాబాయ్."

వేలాడుతున్న బ్లేడు వైపు చూశాడు. "దీన్నిలా గాల్లో వదిలేస్తే దీని కింద ఇంకెవరి పిల్లో నిలబడుతుంది. దించేదాకా ఆగే వేళ కాదు. నువ్వెళ్లు."

బోల్టు నా అరచేతిలో పెట్టాడు. చెమటకి తడిసి ఉంది. ఆయన బ్లేడు గొలుసు పట్టుకున్నాడు.

"పై దారినే వెళ్లు, కింది నుంచి వద్దు. దూరం నుంచే చేతులూపు. ముందు బ్లేడు నేలకి దించమను, తర్వాతే ఇదియ్యి. బిగించాక సుత్తితో ఒక్కటి కొట్టి, ఆ చప్పుడు నాకు ఫోన్లో వినిపించమను. పద నాయనా, అది వినేదాకా ఈ గొలుసు వదలను."